బేరం లేకుంటే గాజుల్లేవు

మొన్న శ్రావణంలో పని మీద మహబూబ్‌నగర్ వెళ్లి, పనిలో పనిగా అక్కడో పెద్ద గాజుల దుకాణంలోకి దూరాను. అద్దాల బీరువాలు, చల్లటి గాలి, గోడ మీద 'ఒకే ధర, బేరములు లేవు' అని ఇంత పొడుగు బోర్డు. బోర్డు చదివి కూడా బేరం మొదలుపెట్టాను. కౌంటర్‌లో అమ్మాయి మర్యాదగా నవ్వి బోర్డు చూపించింది. నేను మూతి ముడుచుకుని, గాజులు అక్కడే పెట్టేసి, అలవాటు కొద్దీ తలుపు వైపు నడిచాను. బేరం తెలిసిన ఆడవాళ్లకు ఈ నడక గురించి చెప్పక్కర్లేదు. కోపం వచ్చి పోతున్నట్టు ఉండాలి, కానీ వెనక నుంచి పిలిస్తే వినపడేంత నెమ్మదిగా పోవాలి. అలాగే పోయాను. తలుపు దాకా పోయాను, తలుపు తీశాను, బయటికి కూడా వచ్చేశాను. ఎవరూ పిలవలేదు.

ఎండలో రోడ్డు మీద నిలబడితే మా గాజుల ఖాలమ్మ గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె పోయి ఏడాది దాటింది. వెనక నుంచి పిలిచే మనిషి నాకిక లేదని ఆ దుకాణం ముందు నిలబడ్డాక బాగా తెలిసొచ్చింది.

ఖాలా అంటే పిన్నమ్మ. దానికి మా ఆత్మకూరు ఆడవాళ్లు ఒక అమ్మను కూడా తగిలించి ఖాలమ్మను చేశారు. అసలు పేరు ఆమె కొడుక్కి, రేషన్ కార్డుకు తెలిసి ఉంటుంది. నెత్తి మీద గాజుల గంప, భుజానికి దారానికి గుచ్చిన గాజుల మలారాలు, ముదురు రంగు చీర, చెవుల మీదుగా కప్పుకున్న కొంగు. భర్త పోయినప్పటి నుంచి ఆమె చేతులకు ఒక్క గాజు కూడా ఉండేది కాదు. మా వీధుల్లో మూడు తరాల ఆడవాళ్ల చేతులు నింపిన ఆ చేతులు బోసిగానే తిరిగేవి.

గాజు వేసే ముందు ఆమె చెయ్యి చూసేది. చూడటమంటే జాతకం కాదు. మన చేతిని ఒళ్లో పెట్టుకుని, బొటనవేలు కింది ఎముకను నొక్కి, వేళ్లు దగ్గరకు మడిచి, అరచేతిని అటూ ఇటూ పిసికి, అప్పుడు గంపలో చెయ్యి పెట్టేది. ఎంత తొందరలో ఉన్నా ఈ పని మానేది కాదు. "ముందుగాల చెయ్యి సూడాలె. సూడకుండ ఎక్కిస్తె గాజు పోతది, చెయ్యి గూడ కోసుకపోతది" అనేది. కొత్త పెళ్లికూతుళ్లు భయంతో చెయ్యి బిగబట్టుకుంటే, "ఈ చెయ్యి నీది కాదనుకో బిడ్డా, జర సేపు నాదనుకో" అనేది. ఆ మాటతో ఎంతటి చెయ్యయినా వదులయ్యేది. మాట ముగిసేలోపు గాజు మణికట్టు దాటి ఉండేది.

ఆ నొక్కుడులోనే ఇంటి సంగతులన్నీ ఆమెకు తెలిసిపోయేవి. "పత్తి ఏరనికి పోతున్నవా? వేళ్లన్ని గీసుకపోయినయి." "సర్ఫుల చేతులు నానవెట్టకు, తోలు లేస్తున్నది." ఒకసారి మా పక్కింటి కోడలి చెయ్యి పట్టుకుని, రెండోసారి నొక్కి చూసి, గాజులు ఒక సైజు పెద్దవి తీసింది. ఆ పిల్లకు నెల తప్పిన సంగతి అత్తగారికి ఇంకా తెలియదు. ఖాలమ్మ కూడా చెప్పలేదు.

గాజు పగిలిందని ఆమె ముందు అనకూడదు. అన్నవాళ్లను ఉరిమి చూసేది. పెరిగింది అనాలి. గాజులు వేయించుకున్నాక వాటిని కళ్లకద్దుకుని ఆమెకు దండం పెట్టాలి. పెడితే నెత్తిన చెయ్యి పెట్టి, "నిండుగుండు బిడ్డా" అని దీవించి, పైన ఒక గాజు ఊరికే ఎక్కించేది. ఇవన్నీ మా ఊళ్లో ఎవరూ ఎవరికీ నేర్పలేదు, గాజులతో పాటే వచ్చాయి.

ఇక బేరం. నన్నడిగితే ఆమె గాజుల కన్నా బేరమే ఎక్కువ అమ్మేది. ముందు ఆకాశమంత ధర చెప్పేది. మనం సగానికి అడగాలి. అప్పుడామె గంప మీద బట్ట కప్పేసి, "గట్లయితె గాజులొద్దు, దారం కట్టుకో చేతికి" అనాలి. మనం లేచి గడప దాకా నడవాలి. అప్పుడు వెనక నుంచి పిలుపు: "ఓ పిల్లా, మర్లి రా! నీ మాటొద్దు, నా మాటొద్దు." మధ్యలో ఎక్కడో తెగేది. ఈ మొత్తం నాటకంలో ఇద్దరికీ నోటికొచ్చినన్ని తిట్లు అనుకునే హక్కుంది. నేను బడిలో లెక్కలు చెప్పే టీచర్ని, గీచి గీచి అడిగే రకం. మా వీధిలో నాతో బేరానికి కూరగాయల బండివాళ్లే జడుసుకునేవాళ్లు. ఖాలమ్మ మాత్రం నా గేటు తీసేటప్పుడే నడుముకు కొంగు చుట్టి వచ్చేది. "ఈ ఇంట్ల బేరమాడితె నాకు అన్నం అరుగుతది" అని అందరి దగ్గరా చెప్పుకునేది.

కొత్త జిల్లాలు వచ్చి మా ఊరు వనపర్తి కిందికి పోయిన తర్వాతి మాట ఇది. బతుకమ్మ ముందు రోజులు. ఖాలమ్మ రొమ్ములో గడ్డ కనిపించిందని, మహబూబ్‌నగర్‌లో ముక్క తీసి పరీక్షకు పంపారని, అది క్యాన్సరని తేలిందని ఊళ్లో అందరికీ తెలిసింది, ఖాలమ్మకు తప్ప. ఆమె కొడుకు బస్టాండ్ దగ్గర మోటార్ సైకిళ్లు బాగుచేస్తాడు. తల్లికి పాలగడ్డ అని చెప్పాడు. ఆ బెంగ ఒక్కడూ మోయలేక ఒక స్నేహితుడికి చెప్పుకున్నాడు. మా ఊళ్లో ఒకరికి చెప్పడమంటే మైకులో చెప్పినట్టే. నా దగ్గరికి కూడా వచ్చి, "టీచర్, మా అమ్మీకి మాత్రం తెల్వనియ్యొద్దు. భయానికే పోతది" అని చేతులు పట్టుకున్నాడు. నేను సరేనన్నాను. పెద్ద జబ్బు వచ్చిన మనిషికి ఆ పేరు చెప్పకపోవడం మా దగ్గర మర్యాద. ఇంటిల్లిపాదీ వంటింట్లోకి వెళ్లి ఏడ్చి, కళ్లు తుడుచుకుని, మంచం దగ్గరికి నవ్వుతూ రావాలి.

ఒక ఆదివారం పొద్దున్నే గేటు చప్పుడైంది. ఖాలమ్మ గంప దించి వరండాలో కూర్చుంది. నడుముకు కొంగు చుట్టుకోలేదు. మామూలు ఆకుపచ్చ మట్టిగాజులు, ఏ జాతరలోనైనా గుట్టలుగా పోసి అమ్మేవి, తీసి నా ముందు పెట్టి, రాళ్లు పొదిగిన వాటికి చెప్పే ధర చెప్పింది. నేను ఆమె ముఖం వైపు చూడలేక, గాజుల వైపే చూస్తూ, "సరే ఖాలమ్మా, వెయ్యి" అని చెయ్యి చాపాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది కానీ నొక్కలేదు.

"టీచరమ్మా, గీ గాజులకు గింత ధర చెప్తె నువ్వింతకు ముందు ఏమంటుంటివి?"

చెయ్యి వెనక్కి తీసుకోబోయాను, ఆమె వదల్లేదు.

"దొంగదానా, దోపిడీకొచ్చినవా అంటుంటివి. గేటవతలకు నూకుతనంటుంటివి." ఆమె గొంతు తగ్గించింది. "ఈ నడుమ ఎవ్వరు బేరమాడుతలేరు బిడ్డా. ఎంత చెప్తె అంతిస్తున్నరు. మీ పక్కింటామె చాయ్ గూడ పోసింది. ఊరంత ఒక్కపారే గింత మంచోళ్లెట్లయిండ్రని నేను పరేషానయితున్న. నేను పాలు మాన్పి ముప్పై ఏండ్లాయె. ఇప్పుడు పాలగడ్డేంది? అయినా పాలగడ్డకు ఎవరన్న బేరమిడుస్తరా?"

ఇంతమంది కట్టుకున్న అబద్ధం ఇంత తేలిగ్గా బయటపడుతుందని ఎవరం అనుకోలేదు. నోళ్లన్నీ జాగ్రత్తగా మూసుకున్నాం. బేరం ఆడటం మానేస్తే అది చాటింపు వేసినట్టేనని ఒక్కరికీ తోచలేదు.

"నువ్వన్న నిజం చెప్తవని ఆఖరికి నీ తాన్కి వచ్చిన. నువ్వు గూడ గట్లనే జేస్తివి" అంది.

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఆమె చేతిలో ఉన్న నా చెయ్యి బిగుసుకుపోయింది. "క్యాన్సర్ ఖాలమ్మా" అన్నాను. మెల్లగా అనబోయాను కానీ గట్టిగానే వచ్చింది.

ఆమె కాసేపు గేటు వైపు చూసింది. ఆ తర్వాత నా బొటనవేలు కింది ఎముక నొక్కి, వేళ్లు మడిచి, "ఒదులు. ఈ చెయ్యి నీది కాదనుకో" అంది. రెండు చేతులకూ గాజులు ఎక్కించింది. ఒక్కటి కూడా పెరగలేదు. పైన ఊరికే వేసే గాజు కూడా వేసి, "నేను చెప్పిన ధరల సగమియ్యి. తతిమాది నాకొద్దు, అది బీమారికి ఇచ్చేది" అంది.

డబ్బు రొంటిన దోపుకున్నాక అంది: "పేరు తెలిస్తె భయపడనికి ఒక తీరుంటది టీచరమ్మా. తెల్వకుంటె ఎటు దిక్కు సూసి భయపడాల్నో గూడ తెల్వదు."

సాయంత్రం కొడుకు నా మీదికి వచ్చాడు. కోపంగా వచ్చాడు కానీ వరండా మెట్టు మీద కూర్చుని ఏడ్చాడు. "మా అబ్బాకు గిట్లనే బీమారి పేరు చెప్పిండ్రు టీచర్. చెప్పిన్నాడే అన్నం ముట్టుడు బంజేసిండు." వెనకాలే వచ్చి తండ్రి మాట విన్న ఖాలమ్మ అతని నెత్తి మీద చెయ్యి వేసి, "చెప్పినందుకు గాదు బేటా. చెప్పి మనమందరం ఆయన సుట్టూ కూసొని ఏడ్సినం. ఎవ్వడు తింటడు అట్ల? నా ముందట ఎవ్వరు ఏడ్వకుండ్రి, నేను తింట" అంది.

ఆ వారం ఆమె ఇల్లు సంతలా ఉంది. తలా ఒక సలహా. సూది పెడితే జబ్బు పాకుతుందని ఒకరు, కత్తి పెడితే ఒళ్లంతా లేస్తుందని ఇంకొకరు. కోస్గి దగ్గర ఎవరో ఆకుపసరు కడతాడట, నెల రోజులు కడితే గడ్డ కరిగిపోతుందట. దగ్గర్లోని ఒక ప్రైవేటు దవాఖాన డాక్టరేమో రేపే చేరమన్నాడు, మొత్తం తీసేస్తానన్నాడు. కొడుకు బట్టలు కూడా సర్దాడు. ఖాలమ్మ చెంపకు చెయ్యి ఆనించుకుని అందరి మాటా విన్నది. ఎవరినీ కసురుకోలేదు. ఒక్కో మాట విన్నప్పుడల్లా కొంగు చివర ఒక ముడి వేసింది.

"గిదేందమ్మీ?" అన్నాడు కొడుకు.

"అడిగేటివి. మర్సిపోకుండ. పట్నంల పెద్ద డాక్టర్ను అడుగుత. అడిగినంకనే కోసుడు. నువ్వు బట్టల మూట విప్పు."

"అమ్మీ, ఆగితె పెరుగుతదంట!"

"చెయ్యి సూడకుండ గాజెక్కియ్య బేటా. నా ఒంట్లె కత్తి పెట్టేటోళ్లు జర నన్ను గూడ సూడాలె గద."

అలా కొడుకూ నేనూ ఆమెను తీసుకుని హైదరాబాద్ బస్సెక్కాం. ఇంగ్లీషు చదవడానికి నేను, ధైర్యానికి కొడుకు అని పేరు. నిజానికి జడ్చర్ల దాటేసరికి మా ఇద్దరికీ ఆమే చిక్కీలు కొనిపెట్టి ఊరడించింది.

పెద్ద దవాఖానలో మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. డాక్టరమ్మ నడి వయసు మనిషి, కళ్లలో అలసట ఉన్నా గొంతులో విసుగు లేదు. కాగితాలు చూసి, కొడుకు వైపూ నా వైపూ తిరిగి, సగం ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. ఖాలమ్మ కొంగు ముందుకు లాక్కుని మొదటి ముడి విప్పింది.

"డాక్టరమ్మా, వాళ్లతోని తర్వాత మాట్లాడుండ్రి. గడ్డ నాది."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, కుర్చీ ఖాలమ్మ వైపు తిప్పుకుంది. "సరే అమ్మా. అడగండి."

"ఇది ఎక్కడిదాక పోయింది?"

"ఇంకా తెలియదు. స్కాన్ తీస్తే తెలుస్తుంది. అందుకే కత్తి కంటే ముందు స్కాన్. మీకు తీసిన ముక్క మీద ఇంకో పరీక్ష కూడా ఉంది. అది వస్తేనే మీ జబ్బు ఏ రకమో, ఏ మందుకు లొంగుతుందో తెలిసేది. కొందరికి ముందు ఆపరేషన్, కొందరికి ముందు మందు. మీకేది ముందో అది చూసి చెప్తాను."

ఇంకో ముడి. "సూది పెడితె పాకుతదంటరు?"

"పాకదు. ఆ సూది పెట్టబట్టే జబ్బు పేరు తెలిసింది."

"ఇయ్యాల్ల రేపట్ల కోయకుంటె సస్తనా?"

డాక్టరమ్మ నవ్వింది. "లేదమ్మా. పరీక్షలకు పట్టే కొద్ది రోజులతో కొంప మునగదు. కానీ ఆకుపసరు కట్టుకుని నెలలు కూర్చుంటే మాత్రం మునుగుతుంది. జబ్బు పేరు చెప్పగానే కొందరు ఆపరేషన్‌కు ఉరకమంటారు, కొందరు పసరు చాటున దాక్కోమంటారు. మీరు రెండూ చేయొద్దు."

ఖాలమ్మ కొడుకు వైపు చూసింది. కొడుకు తల దించుకున్నాడు. తర్వాతి ముడి విప్పడానికి ఆమెకు కాసేపు పట్టింది.

"నేను గాజులేస్తె ఆడివిల్లలకు గిది అంటుకుంటదా?"

ఈ ప్రశ్న ఆమె కొంగులో ఉందని మాకెవరికీ తెలియదు. పదిమంది చేతులు పట్టుకుని బతికే మనిషి ఇన్ని రోజులూ దీన్ని లోపల పెట్టుకుని తిరిగింది. డాక్టరమ్మ బల్ల మీదుగా తన కుడి చెయ్యి చాపింది. ఖాలమ్మ ఆ చేతిని చూసి, మమ్మల్ని చూసి, రెండు చేతులతో అందుకుంది. బొటనవేలి ఎముక నొక్కింది, వేళ్లు మడిచింది.

"గట్టి ఎముక మీది. గాజులేసుకోక శాన ఏండ్లాయె గదమ్మా?"

"చాలా ఏళ్లయింది. ఆపరేషన్ గదిలో పనికిరావు" అంది డాక్టరమ్మ. "అంటుకోదు. ఎంతమందికైనా వేసుకోండి."

నాకు ఏడుపొచ్చి, గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను.

"గట్లయితె చెయ్యి సంగతే చెప్పుండ్రి" అంది ఖాలమ్మ. గడ్డ కుడి పక్క. డాక్టరమ్మ ఒక కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. రొమ్ములోంచి జబ్బు ముందు చంకలో ఉండే చిన్న చిన్న బిళ్లలకు పోతుంది. వాటిని తీసేస్తే ఆ చెయ్యి కొందరికి వాస్తుంది, బరువు పడుతుంది, మునుపటి పట్టు ఉండకపోవచ్చు. అందరికీ అన్నీ తీయక్కర్లేదు. ముందు ఒకటి రెండు తీసి చూసి, వాటిలో జబ్బు లేకపోతే మిగతావి ముట్టుకోకుండా వదిలేసే పద్ధతి ఉంది. ఇక రొమ్ము విషయం. గడ్డ వరకే తీసి మిగతాది ఉంచొచ్చు, అప్పుడు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకోవడానికి వారాల తరబడి రోజూ రావాలి. మొత్తం తీసేస్తే కొందరికి ఆ కరెంటు అవసరం పడదు, కొందరికి పడుతుంది, అది ఆపరేషన్ తర్వాతే తెలుస్తుంది. "తొందరేం లేదు, ఇంటికెళ్లి మాట్లాడుకుని చెప్పండి" అంది.

"మాట్లాడుకునుడేంది? రొమ్ము తియ్యిండ్రి. ఇది వీడు తాగి ఇడిసిపెట్టింది, దాంతోని నాకిప్పుడు పనేం లేదు. చెయ్యి మాత్రం నాకు గావాలె. చంకల సూడుండ్రి. బీమారి ఉంటె తియ్యిండ్రి, నేను ఏడ్వ. లేకుంటె మాత్రం ముట్టుకోవద్దు."

కొడుకు నోరు తెరిచాడు. తల్లి ఏమైపోతుందోనని వణికిన మనిషికి, తల్లి ఏది పోగొట్టుకోవడానికి సిద్ధంగా ఉందో, దేన్ని వదులుకోలేదో అడగాలని తోచలేదు. నాకూ తోచలేదు. మమ్మల్ని ఎవరైనా అడిగి ఉంటే ఇద్దరం తలకిందులుగానే చెప్పేవాళ్లం.

బస్సులో చూస్తే కొంగుకు ఇంకా ఒక ముడి మిగిలి ఉంది. "ఖాలమ్మా, ఒకటి మర్చిపోయినవ్" అన్నాను.

"మర్సిపోలె. ఎన్ని రోజులు బతుకుత అని అడిగే ముడి అది. అడగొద్దని అట్లనే ఉంచిన."

"అన్నీ తెల్వాలంటివి కద?"

"బీమారి పేరు తెల్వాలె, ఏం కోస్తరో తెల్వాలె. గది నాకిప్పుడు అక్కెర లేదు బిడ్డా. అక్కెర పడ్డప్పుడు నేనే ఇప్పుత." ఆ ముడిని చీర కుచ్చిళ్లలోకి దోపేసి, కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.

కథయితే ఆమె చెయ్యి దక్కి ఉండేది. దక్కలేదు. జబ్బు మిగతా ఒంటికి పాకలేదని స్కాన్‌లో తేలింది కానీ, ఆపరేషన్ చేసినప్పుడు చంకలోని బిళ్లల్లో కనిపించింది. తీసేశారు. మందులెక్కించారు, జుట్టు ఊడింది, కరెంటు కూడా తప్పలేదు. కొన్నాళ్లకు కుడి చెయ్యి వాచింది. బిగుతుగా ఒక తొడుగు వేసుకుని తిరిగేది. నేను ఏదో ఓదార్పు చెప్పబోతే అడ్డం వచ్చింది. "నన్నడిగే తీసిండ్రు గద. తెలిసే ఇచ్చిన. ఎవ్వరు గుంజుకోలె." గాజులు ఎక్కించడం ఎడమ చేత్తో నేర్చుకుంది. మొదట్లో కొడుకు కూతురి చెయ్యి మీద నేర్చుకుంది, ఆ పిల్ల చేతికి రోజుకో కొత్త గాటు. "పగిలింది" అని ఆ పిల్ల అరిస్తే, ఖాలమ్మ ఇప్పుడు ఉరిమి చూసేది కాదు. "అవ్, పగిలింది. ఇంకోటియ్యి" అనేది.

మళ్లీ వీధిలోకి వచ్చిన మొదటి రోజు నాకు బాగా గుర్తుంది. గంప మనవరాలి నెత్తి మీద ఉంది. మా పక్కింటి అరుగు మీద ఆడవాళ్లమంతా చేరాం. ఆమె ధర చెప్పింది. "నీ ఇష్టం ఖాలమ్మా", "ఎంతయినా తీస్కో ఖాలమ్మా", "నువ్వు తిరిగొచ్చినవ్, గంతే చాలు" అని అందరం పోటీలు పడ్డాం. ఆమె మా ముఖాలన్నీ ఒకసారి చూసి గంప మీద బట్ట కప్పింది.

"బేరం లేకుంటె గాజుల్లేవ్. నేను గాజులమ్మనికి వచ్చిన, జకాత్ దానానికి రాలే."

మనవరాలి నెత్తికి గంప ఎత్తి, తొడుగు వేసిన చెయ్యి ఊపుకుంటూ నడిచిపోయింది. ఆ నడక చూడగానే నాకు నవ్వొచ్చింది. అది మా నడక. కోపంగా, నెమ్మదిగా, పిలిస్తే వినపడేంత దూరంలో. అరుగు మీది నుంచి నేనే అరిచాను. "ఓ దొంగదానా! గా మట్టిగాజులకు గింత ధర ఎవడిస్తడే? సగానికియ్యి, లేకుంటె పో!"

ఆమె ఆగింది. వెనక్కి తిరిగి, అందరూ వినేలా, "ఇగో, గిప్పుడు పానం లేసొచ్చింది" అంది.

ఆ తర్వాత కొన్నేళ్లు మా వీధుల్లో బేరాలు మళ్లీ మునుపటిలాగే సాగాయి. గడ్డ ఉందేమోనని అనుమానం వచ్చి చెప్పుకోలేక నలిగిన ఆడవాళ్లు గాజుల వంకతో ఆమెకు చెయ్యి ఇచ్చేవాళ్లు. ఆమె చెయ్యి నొక్కుతూ, "పోయి సూపించుకో. పోయేటప్పుడు కొంగుకు ముళ్లేసుకొని పో" అని చెప్పి పంపేది.

ముందటేడు జబ్బు ఎముకల్లోకి తిరిగొచ్చింది. ఈసారి మేమెవరం దాచలేదు, దాచినా దాగేది కాదు. ఆమె మళ్లీ అదే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. ఈసారి ఆ రోజు చీరే కట్టుకుపోయి, కుచ్చిళ్లలోంచి ఆ పాత ముడి తీసి విప్పి అడిగిందని కొడుకు చెప్పాడు. ఇంకోసారి మందులెక్కిస్తే కొంత కాలం కలిసిరావచ్చని, ఆ కాలంలో చాలా భాగం దవాఖానలోనే గడుస్తుందని డాక్టరమ్మ దాచకుండా చెప్పిందట. "గట్లయితె నొప్పి తెల్వకుండ జేసి ఇంటికి పంపుండ్రి" అందట ఖాలమ్మ. కొడుకు బతిమాలలేదు. ఈసారి అతనే ముందు తల్లిని అడిగాడు, ఏం కావాలని.

రంజాన్ ముందు నేను చూడటానికి వెళ్లాను. మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. మనిషి సగమైంది. పక్కనే గాజుల గంప. "గాజులు వేయించుకుంట ఖాలమ్మా" అన్నాను. ఆమె ఎడమ చేత్తో తడిమి ఆకుపచ్చ మట్టిగాజులు తీసింది. ఊపిరి కూడదీసుకుని ధర చెప్పింది. అది రాళ్లగాజుల ధర.

ఎంతయినా ఇచ్చేయాలని ఉంది. మెడలో ఉన్నది తీసి ఇచ్చేయాలని కూడా ఉంది. ఆమె నా ముఖం వైపే చూస్తోంది.

"దోపిడీనా?" అన్నాను. "సగం ఇస్త. ఇష్టముంటె వెయ్యి, లేకుంటె లేదు."

"గట్లయితె... దారం... కట్టుకో" అంది.

లేచాను. గడప వైపు నడిచాను. నా జన్మలో అంత నెమ్మదిగా ఎప్పుడూ నడవలేదు. గడప దగ్గర ఆగాను. వెనక నుంచి చప్పుడు లేదు. తిరిగి చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. పిలవకుండా తిరిగితే అది బేరం కాదు, బీమారికి ఇచ్చేది. ఆమె నన్ను ఎప్పటికీ క్షమించదు. వాకిట్లో కొడుకు స్పానర్ పట్టుకుని నా వైపే చూస్తూ నిలబడిపోయాడు. ద్వారబంధం పట్టుకుని, ఆమె ఊపిరి ఎగదీయడం వింటూ, వీపు అటే పెట్టుకుని నేనూ నిలబడ్డాను.

"ఓ పిల్లా..."

చాలా సన్నటి గొంతు.

"మర్లి రా. నీ మాటొద్దు... నా మాటొద్దు."

తిరిగి వెళ్లి, ఆమె పక్కన మంచం పట్టె మీద కూర్చుని, చెయ్యి చాపాను.